మత్తు దిగేదాకా ఉంచాలా, పంపించేయాలా? ఒక డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు, గంట గంటకీ

తాగి బండి నడుపుతూ దొరికిన మనిషిని పోలీసులు మత్తు దిగేదాకా తమ దగ్గరే ఉంచుకోవాలా, లేక పరీక్ష చేసి సంతకాలు తీసుకుని పంపించేయాలా అని వాదనలు చాలా విన్నాను. కొందరు చట్టం వైపు నుంచి మాట్లాడతారు, కొందరు హక్కుల వైపు నుంచి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కోపంతో మాట్లాడతారు, ఆ కోపం న్యాయమైనదే. నేను డాక్టర్‌ని. రాత్రి డ్యూటీలో పోలీసులు తీసుకొచ్చే డ్రైవర్లను పరీక్షించడం, రక్తం తీయడం, సర్టిఫికెట్ రాసివ్వడం ఏళ్లుగా చేస్తున్న పని. అందుకే ఒక్క కేసు తీసుకుని ఆ రాత్రి ఆ మనిషి ఒంట్లో ఏ గంటకి ఏం జరుగుతోందో, ఏ గంటకి ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిందో మొత్తం రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, ఊరు, స్టేషన్, ఆసుపత్రి కూడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచిపెట్టడం ఎందుకు. పట్టుకోవడం ఒక నిర్ణయం, వదలడం ఇంకో నిర్ణయం. పట్టుకోవడానికి ఒక అంకె ఉంది, మెషీన్ ఉంది, సెక్షన్ ఉంది. వదిలే దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ఏ కొలతా లేదు, కాగితాల పని అయిపోయిందా లేదా అన్నదే లెక్క. ప్రాణాలు పోయేది అక్కడే.

కేసు

నలభై దాటిన మగమనిషి. సొంత కారు, ఒక్కడే ఉన్నాడు. రాత్రి 11:10కి తనిఖీలో ఆపారు. ఎవరినీ గుద్దలేదు, పోలీసులతో గొడవ పడలేదు, ఊదమంటే ఊదాడు. రీడింగ్ 172, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 172 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. భారత్‌లో పరిమితి 30, స్కాట్లాండ్‌లో 2014 డిసెంబర్ నుంచి 50, ఇంగ్లండ్‌లో 80, అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ 80. ఎవరి లెక్కన చూసినా రెట్టింపు దాటిపోయింది.

అర్ధరాత్రికి కాస్త ముందు క్యాజువాల్టీకి తీసుకొచ్చారు. నిటారుగా నడిచి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట కొద్దిగా ముద్దగా ఉంది, కానీ పేరు, అడ్రస్, టైమ్ అన్నీ సరిగ్గానే చెప్పాడు. పల్స్ 96. తలకి దెబ్బ లేదు, రెండు కంటిపాపలూ సమానంగా ఉన్నాయి. వేలు పక్కకి జరిపితే కనుగుడ్లు కుదుపుగా కదులుతున్నాయి, అది ఆల్కహాల్ వల్ల వచ్చేదే. గ్లూకోమీటర్‌లో షుగర్ 104. షుగర్ ఎందుకు చూశానంటే, తాగినట్టు కనిపించే ప్రతి మనిషికీ మొట్టమొదట చూడాల్సింది అదే, షుగర్ బాగా పడిపోయిన మనిషి కూడా అచ్చం తాగినవాడిలాగే తూలతాడు, తడబడతాడు, తిడతాడు.

ఇక్కడ ఒక విషయం నన్ను ఆపింది. అలవాటు లేని మనిషికి 172 ఉంటే ఇంత శుభ్రంగా నడవలేడు. ఇలా నడుస్తున్నాడంటే ఒళ్లు దానికి బాగా అలవాటు పడిపోయిందని అర్థం, అంటే రోజూ తాగే మనిషి అయ్యుండాలి. పోలీసుల కంటికి ఇతను ‘పర్లేదు, స్టడీగానే ఉన్నాడు’ అనిపిస్తాడు. నాకు మాత్రం ఇతను తెల్లారాక ఎలా ఉంటాడా అని టెన్షన్ మొదలైంది, దానికి కారణం తర్వాత చెబుతాను.

నేను తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘చివరిసారి ఎప్పుడు తాగారు?’

‘బయల్దేరే ముందు మేడమ్. మిగిలింది ఒకేసారి తాగేసి కారెక్కాను.’ అంటే దాదాపు 10:50కి. తాగింది పొట్టలోంచి, ముఖ్యంగా చిన్నపేగులోంచి రక్తంలోకి ఎక్కడానికి అరగంట నుంచి గంట, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. రోడ్డు మీద వచ్చిన 172 అతని గరిష్ఠం కాదన్నమాట, ఇంకా ఎక్కుతోంది. నోటిలో మిగిలిన ఆల్కహాల్ కూడా రీడింగ్‌ని చెడగొట్టకుండా పావుగంట నోట్లో ఏమీ పెట్టనివ్వకుండా కూర్చోబెట్టి, 12:15కి మళ్లీ ఊదించాం. 194 వచ్చింది.

ఈ సమయానికి ఎస్సై గారు తొందరలో ఉన్నారు. ‘మేడమ్, బ్లడ్ తీసి సర్టిఫికెట్ ఇచ్చేయండి. వాళ్ల ఫ్రెండ్ వస్తున్నాడు, నోటీసు ఇచ్చి పంపించేస్తాం. బయట జీపులో ఇంకా ఇద్దరున్నారు.’ ఆయన్ని తప్పు పట్టను. రాత్రిపూట స్టేషన్‌లో ఉండే మనుషులు కొద్దిమంది, ఒక్క తాగిన మనిషి దగ్గర ఒక కానిస్టేబుల్ తెల్లారేదాకా కూర్చుంటే ఆ మేరకు రోడ్డు మీద ఒకడు తగ్గినట్టే.

12:40కి స్నేహితుడు వచ్చాడు. ‘నేను తీసుకెళ్తాను సార్, కారు నేను నడుపుతా, మీరేం టెన్షన్ పడకండి’ అన్నాడు. మాట్లాడుతుంటేనే వాసన వచ్చింది. ఎస్సై గారు ఇంకేం అనకుండా అతని చేత కూడా ఊదించారు. 46. కొన్ని దేశాల్లో ఈ అంకెతో హాయిగా కారు నడుపుకుంటూ వెళ్లిపోవచ్చు, ఇంకొన్ని దేశాల్లో ఇదే కేసు. ‘నువ్వు వచ్చింది ఎలాగయ్యా?’ అని అడిగితే, బైక్ మీద వచ్చానన్నాడు. ఆ రాత్రి నేను చూసిన పనులన్నిటిలో ఆ స్నేహితుడి చేత ఊదించడమే అత్యంత ముఖ్యమైన పని అని ఇప్పటికీ అనుకుంటాను. చాలాచోట్ల అది జరగదు. ఫోన్ చేస్తే వచ్చాడు, బాధ్యత తీసుకుంటానన్నాడు, సంతకం పెట్టాడు, అయిపోయింది.

న్యూజెర్సీలో ఏం జరిగింది

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2000 జూలై 22న అమెరికాలోని న్యూజెర్సీలో జాన్ ఎలియట్ అనే నేవీ ఎన్‌సైన్, అంటే కొత్తగా చేరిన జూనియర్ అధికారి, రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ ఏడాది మే నెలలోనే నేవల్ అకాడమీ నుంచి పట్టా తీసుకున్నాడు, అమ్మ పుట్టినరోజుకి ఇంటికి వెళ్తున్నాడు. ఎదురుగా వచ్చి గుద్దిన డ్రైవర్ తాగి ఉన్నాడు, అతనూ చనిపోయాడు. ఇంతవరకే అయితే ఇది ఎక్కడైనా జరిగే కథే. కానీ ఆ డ్రైవర్‌ని పోలీసులు కొన్ని గంటల ముందే తాగి నడుపుతున్నాడని పట్టుకున్నారు. పరీక్ష చేశారు, అప్పటి పరిమితికి రెట్టింపు పైన, 210 వచ్చింది. కేసు రాసి, పిలిస్తే వచ్చిన స్నేహితుడి చేతికి అప్పగించారు. ఆ స్నేహితుడు అతన్ని తీసుకెళ్లి మళ్లీ కారు దగ్గరే దింపాడు.

చట్టం ప్రకారం పోలీసులు చేయాల్సిన పనులన్నీ చేశారు, అది గమనించాలి. ఆపారు, పరీక్షించారు, కేసు పెట్టారు. వ్యవస్థ పట్టుకోవడంలో తప్పలేదు. వదిలేటప్పుడు ఏం చూడాలో ఎక్కడా రాసి లేదు, కారు ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంది, వచ్చిన మనిషి ఇతన్ని ఎక్కడికి తీసుకెళ్తాడు అన్నది ఎవరి డ్యూటీ కాలేదు.

ఆ తల్లిదండ్రులు పట్టుబట్టారు. 2001లో న్యూజెర్సీలో ‘జాన్స్ లా’ వచ్చింది. తాగి నడిపినందుకు అరెస్టయిన మనిషి వాహనాన్ని 12 గంటలు పోలీసులు తమ దగ్గరే ఉంచాలి, తీసుకెళ్లడానికి వచ్చిన వ్యక్తికి ‘ఇతను మత్తులో ఉండగా బండి నడపనిస్తే నీ మీద కూడా కేసు, పరిహారం రెండూ పడవచ్చు’ అని రాతపూర్వకంగా హెచ్చరిక ఇవ్వాలి. ఆ తర్వాత ఇంకో చట్టం, మనిషినే ఆపి ఉంచే వీలు అక్కడి మున్సిపాలిటీలకు ఇచ్చింది: రక్తంలో ఆల్కహాల్ 50 కిందికి వచ్చేదాకా ఉంచవచ్చు, కానీ విచారణ లేకుండా 8 గంటలు మించకూడదు.

ఒక డాక్టర్‌గా ఆ 8 గంటల దగ్గర నేను ఆగిపోతాను. మామూలు మనిషి లివర్ గంటకి సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు దించుతుంది. అదే 210 ఉన్న మనిషిని 50 కిందికి తేవాలంటే 160 దిగాలి. గంటకి 20 చొప్పున సరిగ్గా 8 గంటలు. గంటకి 15 చొప్పున అయితే పదిన్నర గంటలు దాటుతుంది. అంటే ఏ మరణం తర్వాత ఈ చట్టాలు వచ్చాయో, ఆ డ్రైవర్ లాంటి మనిషికే ఈ గడువు సరిపోకపోవచ్చు. అందుకే వాహనాన్ని 12 గంటలు ఆపడం, మనిషిని ఆపడం రెండూ కలిసి ఉండాలి, ఒకటి చాలదు.

మళ్లీ మన కేసు: తొమ్మిది గంటల లెక్క

12:15కి 194. ఆ రాత్రి నేను ఎస్సై గారికి కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇదే. 30 కిందికి రావాలంటే 164 దిగాలి. బాగా తాగే అలవాటున్నవాళ్లకి లివర్ కొంచెం వేగంగానే పనిచేస్తుంది కాబట్టి గంటకి 18 అనుకుందాం. తొమ్మిది గంటల పైనే. పొద్దున తొమ్మిదిన్నర అవుతుంది. ఆయన నా వైపు చూసి, ‘పొద్దున తొమ్మిదిన్నరా మేడమ్? నేను రెండు మూడు గంటలనుకున్నా’ అన్నారు. దాదాపు అందరూ అలాగే అనుకుంటారు. ఒక నిద్ర తీస్తే దిగిపోతుందని, బ్లాక్ కాఫీ తాగిస్తే, చన్నీళ్లు పోస్తే, మజ్జిగ తాగితే, కక్కేస్తే దిగిపోతుందని. ఇవేవీ లివర్ వేగాన్ని పెంచవు. కాఫీ తాగితే మెలకువగా ఉన్న తాగిన మనిషి తయారవుతాడు, ఇంకా ప్రమాదం. రక్తంలోకి ఎక్కిపోయాక కక్కినా వచ్చేది ఏమీ లేదు. సెలైన్ పెట్టినా పెద్దగా తేడా ఉండదు. గడవాల్సిన గంటలు గడవాల్సిందే.

మరి ఉంచాలి, కానీ ఎవరు, ఎక్కడ, ఏ అధికారంతో? ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా ఉంటాను. డాక్టర్ జైలర్ కాకూడదు. పేషెంట్ ఒప్పుకుంటేనే ఆసుపత్రిలో ఉంచగలను, స్పృహలో ఉండి వెళ్తానంటున్న మనిషిని ‘పోలీసుల సౌకర్యం కోసం’ మంచానికి కట్టేయడానికి నాకు హక్కు లేదు, ఉండకూడదు కూడా. అందుకే అతనితో నేరుగా మాట్లాడాను. ‘మీ రీడింగ్ ఇంకా ఎక్కువగానే ఉంది. మీ స్నేహితుడు నడపలేడు. మీరు రోజూ తాగుతారని నాకు అనిపిస్తోంది, అది నిజమైతే పొద్దుటికి మీకు ఒంట్లో బాగోకపోవచ్చు. ఇక్కడ అబ్జర్వేషన్‌లో ఉండండి. కారు తాళం ఎస్సై గారి దగ్గర ఉంటుంది. ఇది కేసుకి సంబంధం లేని విషయం, మీ ఆరోగ్యం విషయం.’

గొణిగాడు. ఇంట్లో ఏమనుకుంటారోనన్నాడు. ఇంటికి ఫోన్ చేసి చెప్పనిస్తే, మొబైల్ తన దగ్గరే ఉండనిస్తే ఉంటానన్నాడు. సరేనన్నాం. భార్య ఫోన్‌లో మాట్లాడింది, పిల్లల్ని వదిలి అర్ధరాత్రి రాలేనని, పొద్దున మరిదిని పంపిస్తానని చెప్పింది. ఆమె ఇంకో మాట కూడా అంది: ‘ఇంట్లో ఇంకో తాళం ఉందండీ, అది తీసి దాచేస్తాను.’ ఆ మాట మాకు ఎవరికీ తట్టలేదు. బండి తాళం పోలీసులు తీసుకున్నా రెండో తాళం ఇంట్లో ఉంటుందని, ఇంటికి దింపితే ఆ మనిషి ఆటో ఎక్కి బండి దగ్గరికి తిరిగి రాగలడని ఆమె ఆలోచించింది. అనుభవం అది.

అతను ఒప్పుకోకపోతే? అప్పుడు నిర్ణయం పోలీసులది, చట్టం వాళ్లకి ఎంత అధికారం ఇస్తే అంతవరకు. ఆ సంగతికి వస్తాను.

రాత్రి

అబ్జర్వేషన్ అంటే మంచం చూపించి వదిలేయడం కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాం, కక్కితే ఊపిరితిత్తుల్లోకి పోకుండా. అరగంటకోసారి నర్సు వచ్చి లేపుతుంది, మాట్లాడిస్తుంది, ‘చెయ్యి ఎత్తండి’ అంటుంది. నిద్రపోతున్నాడు కదా పాపం అని లేపకుండా వెళ్లిపోకూడదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసు కస్టడీ నియమావళిలో, కోడ్ సి అంటారు, ఇదే ఉంది: మత్తులో ఉన్న మనిషిని కనీసం అరగంటకోసారి చూడాలి, లేపి చూడాలి. లేస్తున్నాడా, అడిగినదానికి జవాబు చెబుతున్నాడా, చెప్పింది చేస్తున్నాడా, మద్యం వాసన వెనక ఇంకో జబ్బో దెబ్బో దాగి ఉండవచ్చని గుర్తుందా అని నాలుగు విషయాలు. ఆ నాలుగోది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలనిపిస్తుంది నాకు. తలలో రక్తం గడ్డకట్టినవాడు, షుగర్ పడిపోయినవాడు, నిద్రమాత్రలు కూడా మింగినవాడు అందరూ లాకప్‌లో ఒకే రకంగా ‘గురక పెడుతూ’ కనిపిస్తారు. మత్తు దిగేదాకా ఉంచండి అని వాదించేవాళ్లం ఈ గురక బాధ్యత కూడా తీసుకోవాలి. ఎవరూ చూడని గదిలో పడేసి తాళం వేయడం కంటే ఇంటికి పంపడమే నయమైన కేసులు ఉన్నాయి.

3:15కి 141. లేపితే లేచాడు, విసుక్కున్నాడు, మళ్లీ పడుకున్నాడు.

6:15కి 88. ఈ కేసులో అసలైన ఘట్టం ఇదే.

ఆరింటికే లేచి కూర్చున్నాడు. మొహం కడుక్కున్నాడు, చొక్కా సర్దుకున్నాడు. ‘డాక్టర్ గారూ, ఇప్పుడు నేను పూర్తిగా బానే ఉన్నాను. రాత్రి తాగి ఉన్నాను, ఒప్పుకుంటాను. ఇప్పుడు దిగిపోయింది. నన్ను పంపించండి, డ్యూటీకి వెళ్లాలి.’ అబద్ధం చెప్పడం లేదు. నిజంగా అలాగే అనిపిస్తోంది అతనికి. మాట స్పష్టంగా ఉంది. చూసే ఎవరైనా సరే, పంపించేస్తారు. కానీ 88 అంటే ఇంగ్లండ్ పరిమితి కంటే కూడా ఎక్కువ.

దీనికి పేరుంది. 1919లో ఎడ్వర్డ్ మెలాన్బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో గమనించాడు: రక్తంలో ఆల్కహాల్ ఎక్కుతున్నప్పుడు ఒక స్థాయి దగ్గర కనిపించే మత్తు, దిగుతున్నప్పుడు అదే స్థాయి దగ్గర అంతగా కనిపించదు. మెలాన్బీ ఎఫెక్ట్ అంటారు. మనుషుల్లో దీని ఫలితం ఏమిటంటే, తాగినట్టు అనిపించడం త్వరగా తగ్గిపోతుంది, బండి నడిపే నేర్పు, ఎదురుగా ఏదైనా హఠాత్తుగా వస్తే బ్రేక్ మీద కాలు పడే వేగం అంత త్వరగా తిరిగిరావు. మనిషికి తన మీద నమ్మకం ముందు వస్తుంది, సామర్థ్యం తర్వాత వస్తుంది. ఆ మధ్యలో ఉన్న గంటలే అన్నిటికంటే చెడ్డ గంటలు. ‘మత్తు దిగింది’ అన్న నిర్ణయాన్ని ఆ మనిషి మాట మీద కానీ, చూసే కానిస్టేబుల్ అంచనా మీద కానీ, చివరికి నా కంటి అంచనా మీద కానీ వదలకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పట్టుకోవడానికి మెషీన్ వాడినప్పుడు వదలడానికి కూడా అదే మెషీన్ వాడాలి. మళ్లీ ఊదించడానికి రెండు నిమిషాలు పడుతుంది.

రీడింగ్ చూపించాను. నమ్మలేదు, ఇంకోసారి ఊదుతానన్నాడు. 87. కూర్చున్నాడు.

అప్పుడే చేతులు చూశాను. చాపమంటే సన్నగా వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట, పల్స్ 112. చివరి పెగ్గు తాగి ఏడు గంటలు దాటింది. నా రాత్రి టెన్షన్ దీని గురించే. రోజూ బాగా తాగే మనిషికి ఆల్కహాల్ పూర్తిగా దిగక్కర్లేదు, మామూలుగా ఉండే స్థాయి నుంచి కిందికి జారితే చాలు, విత్‌డ్రాయల్ మొదలవుతుంది, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది గంటల్లో. ముందు వణుకు, చెమట, గాబరా. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. కొందరికి రెండు మూడు రోజులకి డెలీరియం, అంటే లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, దానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అంటే ఈ మనిషి రక్తంలో ఒకే సమయంలో బండి నడపకూడనంత ఆల్కహాల్ ఉంది, ఒంటికి కావలసినంత ఆల్కహాల్ లేదు. ఇంటికి పంపితే ఏం చేస్తాడు? వణుకు తగ్గడానికి పొద్దున్నే ఒక పెగ్గు వేసుకుని డ్యూటీకి బయల్దేరతాడు. తర్వాత అడిగితే అతనే చెప్పాడు, రోజూ చేసేది అదేనని.

థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్, విత్‌డ్రాయల్‌ని అదుపులో పెట్టే లోరాజెపామ్ మొదలుపెట్టి వార్డులో అడ్మిట్ చేశాం, ఈసారి అతనే అడిగి ఉన్నాడు. 9:15కి 33. తొమ్మిదిన్నర దాటాక తమ్ముడు వచ్చాడు, అతని చేత కూడా ఊదించారు, సున్నా. కారు, తాళం తమ్ముడికి ఇచ్చి సంతకం తీసుకున్నారు. కేసు కోర్టుకి వెళ్లింది, అది దాని దారిన అది నడిచింది. రాత్రి మాతో సహకరించాడని కేసు తగ్గలేదు, ఆసుపత్రిలో ఉన్నాడని పెరగలేదు, అలాగే ఉండాలి.

ఇదే మనిషిని లాకప్‌లో ఉంచి ఉంటే పొద్దున ఆ వణుకుని ‘భయపడుతున్నాడు’ అనుకునేవాళ్లు.

చట్టాలు ఏమంటున్నాయి

భారత మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 185 ఈ నేరం గురించి. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 2019 సవరణ తర్వాత పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 202 కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తన కళ్ల ముందు ఈ నేరం చేసిన మనిషిని వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు, కానీ రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలేయాలి. నేరం బెయిలబుల్ కాబట్టి పూచీకత్తు ఇస్తానంటే బెయిల్ ఇవ్వాల్సిందే. మత్తు దిగేదాకా ఉంచవచ్చని చెప్పే సెక్షన్ ఆ చట్టంలో లేదు. 2021లో తెలంగాణ హైకోర్టు వాహనాల విషయంలో చెప్పింది కూడా ఇదే దిశలో ఉంది: తాగిన మనిషి పక్కన తాగనివాడు, లైసెన్సున్నవాడు ఉంటే బండి అతనికి ఇవ్వాలి, ఎవరూ లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేయాలి, ఎవరూ రాకపోతే బండిని స్టేషన్‌లో భద్రంగా పెట్టి తర్వాత ఇవ్వాలి. నాకు నచ్చిన తీర్పు ఇది, ఎందుకంటే బండి జప్తు పేరుతో సతాయించడాన్ని ఆపింది, అదే సమయంలో తాళం తాగనివాడి చేతికే వెళ్లాలని చెప్పింది. మనిషి సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

నాకు అన్నిటికంటే సరిగ్గా అనిపించేది బ్రిటన్ రోడ్ ట్రాఫిక్ యాక్ట్ 1988లోని సెక్షన్ 10. ఈ మనిషి ఇప్పుడు బండి ఎక్కితే నేరం అవుతుంది అని పోలీసుకి సహేతుకంగా అనిపించినంతసేపు స్టేషన్‌లో ఉంచవచ్చు. కానీ అతను బండి నడిపే అవకాశమే లేదని తేలితే ఉంచకూడదు. డ్రగ్స్ ప్రభావం ఉందా అన్న ప్రశ్న వస్తే డాక్టర్‌ని అడగాలి. ఇందులో శిక్ష అన్న ఆలోచనే లేదు చూడండి. భార్య తాగకుండా వచ్చి, బండి తాళం స్టేషన్‌లో ఉండి, ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్తానంటే, 190 ఉన్నా వెళ్లవచ్చు. ఎవరూ లేని మనిషి, తాళం జేబులో ఉన్న మనిషి, 90 ఉన్నా ఉండాలి. ప్రశ్న రీడింగ్ ఒక్కటే కాదు, రీడింగ్, బండి రెండూ కలిసే అవకాశం ఎంత అన్నది.

దీనికి వ్యతిరేకంగా వచ్చే వాదనలు నాకు తెలుసు, వాటిలో రెండు నిజంగా బరువైనవి. ఒకటి, ‘మత్తు దిగేదాకా’ అన్న అధికారం చేతికిస్తే అది బేరానికి దారితీస్తుంది, డబ్బో పరిచయమో ఉన్నవాడు పది నిమిషాల్లో వెళ్తాడు, లేనివాడు పది గంటలు ఉంటాడు. ఇది జరుగుతుంది, జరగదని చెప్పలేను. దానికి నా దగ్గరున్న ఒకే మందు, వదలడానికి మెషీన్ ప్రింటవుట్ తప్పనిసరి చేయడం, పట్టుకున్నప్పటిది ఒకటి, వదిలేటప్పటిది ఒకటి, రెండూ ఫైల్‌లో టైమ్‌తో సహా. వదిలేటప్పటి రీడింగ్ లేకుండా వెళ్లినవాడు ఎవరి చేతికి వెళ్లాడో ఆ మనిషి రీడింగ్ ఉండాలి. రెండూ లేకపోతే ఎందుకు లేవని అడిగే పై అధికారి ఉండాలి.

రెండోది ఇంకా కష్టం. స్టేషన్లలో చూసుకునే మనుషులు లేరు, ఆడవాళ్లు దొరికితే రాత్రంతా ఉంచే చోటు లేదు, క్యాజువాల్టీలో ఉన్న నాలుగు మంచాలు ప్రమాదాల్లో దెబ్బలు తిన్నవాళ్లకే చాలవు. దొరికిన ప్రతి ఒక్కరినీ తొమ్మిది గంటలు ఉంచడం ఎక్కడా సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఎక్కువమందికి తాగని మనిషి ఒకరు వచ్చి తీసుకెళ్తే చాలు, బండి మర్నాటిదాకా ఆగితే చాలు. ఉంచాల్సింది ఎవరూ రానివాళ్లని, మళ్లీ బండి ఎక్కుతానని గొడవ చేసేవాళ్లని. 150 పైన ఉన్నా నిలకడగా నడుస్తున్నవాళ్లని, తలకి దెబ్బ తగిలినవాళ్లని, లేపితే సరిగ్గా లేవనివాళ్లని ఆసుపత్రికి తేవాలి, లాకప్‌కి కాదు.

ఆ ఎస్సై గారు తర్వాత ఒకసారి కలిసినప్పుడు, ఏం రాసుకోవాలో ఒక పేజీలో ఇవ్వమన్నారు. రాసిచ్చాను. ఆపిన టైమ్, రీడింగ్. చివరిసారి తాగిన టైమ్, అది గంటలోపు అయితే ఇంకోసారి ఊదించాలి. షుగర్. తలకి దెబ్బ ఉందా. రోజూ తాగుతారా, మానేసినప్పుడు ఎప్పుడైనా చేతులు వణికాయా, ఫిట్స్ వచ్చాయా. అరగంటకోసారి లేపిన టైమ్, లేపినవాళ్ల సంతకం. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, రీడింగ్, వాళ్లు ఎలా వచ్చారు. బండి ఎక్కడుంది. తాళం ఎవరి దగ్గరుంది, రెండో తాళం ఎవరి దగ్గరుంది. వదిలిన టైమ్, అప్పటి రీడింగ్. రెండో తాళం గడి చూసి ఆయన కాసేపు ఆలోచించి, దాన్ని మొదటి వరుసలోకి మార్చమన్నారు. మార్చాను.